కుడి అంచు

"ఈసారి చూడు," అంటూ వదిన జూమ్ లెన్సు మరిది చేతిలో పెట్టింది. బిగించేది ఆమె, పరీక్షించేది అతను. ఫొటోలో కుడి అంచు మసగ్గా వస్తోందని రెండుసార్లు వెనక్కి పంపాడు.

గోడమీది అక్షరాల చార్టుని ఫొటో తీశాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అక్షరాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"పాసైంది వదినా."

"హమ్మయ్య. లోపలి అద్దాన్ని కాస్త పక్కకి వంచాను. నా చేతిలో పనితనం పోయిందేమో అని బెంగపడ్డాను."

లైటు ఆర్పబోతూ అతను ఆగిపోయాడు. చార్టు కుడివైపు మేకు ఊడి, అట్ట గోడకి బెత్తెడు ఎడంగా నిలబడి ఉంది. ఆ మేకు కొట్టింది తనే. అట్ట అలా ముందుకి రావడం వల్లే అంచు మసకబారింది; లెన్సు మొదట్నుంచీ బాగానే ఉంది. చెడింది ఇప్పుడే.

"నిన్ను మళ్ళీ మళ్ళీ విసిగించడం ఎందుకని, పెట్టెలో ఉన్న మిగతా లెన్సుల అద్దాలన్నీ కూడా అలాగే వంచేశాను," అంది వదిన.

మరిది జరిగి చార్టుకి అడ్డంగా నిలబడ్డాడు.