మూడో పాట

మెయిల్ వచ్చేసరికి అతను కుర్చీ ఎక్కి కొత్త పరదాలు తగిలిస్తున్నాడు. చెయ్యి పైకెత్తినప్పుడల్లా భుజం పట్టేసి "అబ్బా" అంటున్నాడు. ఆమె ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చూస్తోంది. పెళ్ళయిన ఈ రెండు నెలలుగా బ్యాండుకి వచ్చే ఉత్తరాలన్నీ ఆమే చూస్తోంది, ఆమే జవాబులు రాస్తోంది.

"మ్యూజిక్ కంపెనీ వాళ్ళు మనల్ని తీసుకున్నారండీ," అంది. "ఆల్బమ్ చేస్తారట. రేపు పదింటికి స్టూడియోకి రమ్మన్నారు."

అతను కిందికి దూకాడు. పరదా సగం కిటికీకి, సగం అతని మెడకి. ఇద్దరూ దాంట్లోనే చుట్టుకుని అక్కడే గిర్రున తిరిగారు. నిమ్మపండు రంగు పరదా, ఆమె ఏరి తెచ్చింది. రెండు కప్పులు, రెండు దిండ్లు, తలుపు వెనక ఒకే కొక్కేనికి ఇద్దరి తువ్వాళ్ళు. ఆ కొక్కేన్ని చూసినా అతనికి నవ్వొచ్చేది.

ఏడేళ్ళ కిందట అతనూ, ఆమె అన్నయ్యా కలిసి పెట్టిన హార్డ్ రాక్ బ్యాండు 'నిప్పుకోడి'. అతను గిటారు, అన్నయ్య డ్రమ్స్. పేరులో నిప్పుంది కదా అని పెట్టుకున్నారు. అది ఎగరలేని పక్షి అని ఎవరో చెప్పేనాటికి చొక్కాల మీద బొమ్మ అచ్చయిపోయింది. ఈ ఏడేళ్ళలో గాయకులు ఇద్దరు వెళ్ళిపోయారు, బాస్ గిటారు వాళ్ళు ముగ్గురు, కీబోర్డు మనిషి ఒకడు. మొదటి నుంచీ మిగిలింది ఈ బావాబావమరదులే.

"మూడో పాట చాలా నచ్చిందట," అందామె.

అతను పగలబడి నవ్వాడు. కంపెనీకి పంపిన రికార్డింగులో ఆ పాట చేసిన రోజు అతనికి జ్వరం. అతని గిటారు ఆమే వాయించింది. పుట్టింట్లో ఏడేళ్ళపాటు గోడ అవతల రిహార్సల్స్ వింటూ తనంతట తను నేర్చుకున్న చెయ్యి అది. ఆ సంగతి అతనికి పెళ్ళయ్యాకే తెలిసింది. కాయలు కాసిన ఆమె వేలి కొసల్ని రోజుకొకసారైనా ముద్దు పెట్టుకునేవాడు. ఇప్పుడూ పెట్టుకున్నాడు. పాట కట్టింది మాత్రం తనేనని గుర్తు చేశాడు.

"ఒక్క షరతు పెట్టారు," అందామె. "ఒక మనిషిని మార్చాలట. ఎవరంటే..."

"చెప్పకు, నాకు తెలుసు. బావే కదా?"

మణికట్టు బెణికినప్పటి నుంచీ డ్రమ్స్ మీద బావ దెబ్బ తాళానికి వెనకబడుతోందని, ఆ సంగతి తను ఎప్పుడో పసిగట్టానని చెప్పుకుపోయాడు. ఆమె తెరిచిన నోరు మూసింది. ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టింది. మన పెళ్ళి కుదిర్చింది అన్నయ్యే కదండీ అంది. ఆమె ఇంకా 'అండీ' వదల్లేదు. అతనికి అదీ ముద్దే.

అందుకే తనకూ కష్టంగా ఉందన్నాడు. చూడ్డానికి మాత్రం కష్టంగా ఏమీ లేడు. పుచ్చిన పన్ను మన నోట్లోదైనా పీకించుకోవాల్సిందేనన్నాడు.

"మరి ఎలా చెబుతారు?"

అతనికి హుషారొచ్చింది. ఆరుగురిని సాగనంపిన అనుభవం. వేళ్ళు మడుస్తూ చెప్పాడు. పాతవాడికి చెప్పేలోపే కొత్తవాడికి పాటలన్నీ వచ్చి ఉండాలి. ఆ పని అయిపోయింది, నెల్లాళ్ళుగా డ్రమ్స్ వాయించే ఒక కుర్రాడికి చాటుగా నేర్పిస్తున్నాడు. ఇక చెప్పే రోజున ముందు వేడివేడి కప్పు చేతికివ్వాలి. వేడి కప్పు పట్టుకున్నవాడు చెయ్యెత్తలేడు. తర్వాత ఒంట్లో ఎలా ఉందని అడగాలి. అలిసిపోయానని వాడి నోటితో వాడే అనాలి.

"అప్పుడు ఒకటే మాట. రేపు నువ్వు రానక్కర్లేదు, హాయిగా పడుకో. అంతే. తీసేశాం అన్న మాట నోట రాకూడదు. మర్నాడు వాడు ఎలాగూ వస్తాడు. గుమ్మం దగ్గర వాడి వాద్యం పెట్టెలో సర్ది ఉంటుంది. వాడికే అర్థమవుతుంది."

రెండో బాస్ గిటారు వాడు ఆ పెట్టె పక్కనే మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. లోపల కొత్తవాడితో నాలుగు పాటలు పూర్తయ్యాయట. చెబుతూ అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కప్పు ముందా, ఒంట్లో సంగతి ముందా అని మళ్ళీ అడిగి తెలుసుకుంది.

అతను స్నానం చేసి వచ్చేసరికి ఆమె వరండాలో ఫోన్ పెట్టేస్తోంది.

"అన్నయ్యకి నేనే చెప్పేశానండీ. మొదట ససేమిరా అన్నాడు. మీతో ఏడేళ్ళ స్నేహం అని బాధపడ్డాడు. ఆఖరికి, బ్యాండు కోసం కదా, సరే అన్నాడు."

కొండంత బరువు దిగినట్టయింది అతనికి. ఇలాంటి పెళ్ళాం ఎవరికి దొరుకుతుంది అనుకున్నాడు. అప్పుడే చూశాడు, తన గిటారు పెట్టెలో సర్ది గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది. రేపటి ప్రయాణానికి ఇప్పుడే సర్దేసిందన్నమాట. మురిసిపోయాడు.

ఆమె అతన్ని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ తెచ్చింది. పొగలు కక్కుతున్న కప్పుని రెండు చేతులా పట్టుకున్నాడు. కిటికీకి సగమే తగిలించిన పరదా గాలికి ఊగుతోంది.

"భుజం ఎలా ఉందండీ?"

"నిజం చెప్పనా, బాగా అలిసిపోయాను," అని పక్కన కూర్చున్న ఆమె భుజానికి తల ఆనించాడు.

కాయలు కాసిన వేళ్ళతో ఆమె అతని జుట్టు సవరించింది.

"రేపు మీరు రానక్కర్లేదు, హాయిగా పడుకోండి," అంది.