ఒక్క రాత్రి దూరం

“ముహూర్తం మన కోసం కాచుకోనుండదు వరదయ్యా. నీ కొడుకొచ్చినా రాకపోయినా తాళి కట్టాల్సిందే,” అని తేల్చేశాడు పురోహితుడు భాష్యం.

వరదయ్య కూతురి పెళ్ళి పందిట్లో నిలబడి పెరంబూరు రోడ్డు వంకే చూస్తున్నాడు. హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది తోడబుట్టిన అన్న. ఆ అన్న శేషాద్రి రాత్రి సింగపూరులో విమానం ఎక్కాడు. తెల్లారేసరికి మీనంబాకంలో దిగాలి.

“ఓడలో అయితే వారం. ఏరోప్లేనులో ఒక్క రాత్రే! పద్దెనిమిది వందల మైళ్ళు, అంతా సముద్రమే!” నెల రోజులుగా ఈ మాటతో చుట్టాల చెవులు తినేశాడు వరదయ్య.

“ఏం బావా, ఎన్నూరు నుంచి నా ఒంటెద్దు బండే ముందొచ్చిందే! నీ కొడుకునీ దాంట్లోనే ఎక్కించుకొచ్చేవాణ్ణి గదా,” అన్నాడు వియ్యంకుడు తిరువేంగడం. పందిరంతా గొల్లుమంది.

వరదయ్యకు ఇంకా ఆశ చావలేదు. “ఇంకో గంట చూద్దాం సామీ,” అన్నాడు పురోహితుడితో.

శేషాద్రి భార్య అమ్మణి ముందుకొచ్చింది. తెల్లవారుతూనే మందుల షాపుకు పోయి, టెలిఫోనులో విమానం సంగతి కనుక్కొచ్చింది తనే.

“చెప్పితిని గదా మామా, గాలి జాస్తిగా ఉందని ఆడనే నిలిపేసినారు. సాయంత్రానికి గానీ రాదు. మీ అన్న కొడుకు దొరస్వామి గూడా అన్న వరసే గదా, పేలాలు ఆయన పోస్తాడు. పెండ్లి మాత్రం ఆపొద్దు.”

“చెల్లెలి కోసరం సముద్రం దాటి వస్తాండాడే వాడు! నీకు మనసెట్లా వచ్చెమ్మా?”

“ఆయన ఈడుండినా ఇదే చెప్తారు.”

వరదయ్య మొహం తిప్పుకుని, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

తాళి ఉన్న పళ్ళెం పందిరంతా తిరిగింది. ముత్తైదువలు ఒక్కొక్కరే తాళిని తాకి కళ్ళకద్దుకున్నారు. పళ్ళెం తన దగ్గరికి రాగానే అమ్మణి, పొయ్యి మీద పాలు పొంగిపోతాయంటూ లోపలికి వెళ్ళిపోయింది.

“మొగుడు రాలేదని అలక!” అని కమలాంబ పిన్ని మూతి విరిచింది.

తాళి కట్టడం అయింది. పేలాలు దొరస్వామి పోశాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెళ్ళికూతురు పంకజం కారెక్కుతూ అమ్మణి చెయ్యి పట్టుకుంది.

“అన్న దిగంగానే ఎన్నూరు పంపించు వదినా. రాకపోతే ఇంక మాట్లాడనని చెప్పు.”

“ఆమా, అట్లే చెప్తాలే. నువ్వు పో తల్లీ.”

కారు వీధి మలుపు తిరిగింది. వరదయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“దామ్మా, మీనంబాకం పోదాం. వాడు దిగేటప్పటికి మనం ఆడ ఉండొద్దా? సీక్రం రా!”

అమ్మణి పందిరి గుంజ పట్టుకుని అట్లాగే కిందికి జారిపోయింది.

“పొద్దున్నే ఫోనులో చెప్పినారు మామా... ఆ ఏరోప్లేను రాత్రే సముద్రంలో పడిపోయిందంట.”