ఉప్పునీటి కలుపు

“ఇవి దాని పిల్లలు కాదమ్మా,” అన్నాడు గిరిప్రసాద్, తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ.

హేమశ్రీ ముఖం వాడిపోయింది. ఆ ఉప్పునీటి అక్వేరియం ఆమెది. అందులో రాతిని కరుచుకుని, పువ్వులా విచ్చుకునే అనిమోన్ అనే సముద్రజీవిని పెళ్ళికి ముందునుంచీ పెంచుతోంది. ఈమధ్య దాని చుట్టూ చిన్నచిన్నవి మొలుస్తుంటే పిల్లలు పెట్టిందనుకుని, రంగుచేపల అంగడి నడిపే గిరిప్రసాద్‌ను చూడ్డానికి పిలిచింది.

“ఎట్ల చెప్తావన్నా?”

“నీ దాని చేతులు సూడు. కొసన బుడగల మాదిరి బుడిపెలుండాయి. వీటివి సన్నగా పోయి సూదిగుండాయి. రంగు కూడా పాచి రంగు. ఇవీ అనిమోన్లే, కాకపోతే కలుపు జాతి. ఏ రాయికో అంటుకొని వచ్చుంటాయి. వదిలేస్తే నీదాన్ని కుట్టి కుట్టి సంపేస్తాయి.”

“పలమనేరుకు ఎత్తుకొని పోదామనుకుంటినే.”

“వీటితోనా? వద్దు. జాగా మారితే నీది డీలా పడతాది, ఇవి పడవు. ఈడనే అన్నీ తీసేసి, రాయి శుభ్రమైనాక తీసుకొనిపో. సిరంజితో నిమ్మరసం వాటి నోట్లోకి ఎక్కిస్తే సస్తాయి. కోయడం మాత్రం వద్దు. చిన్న ముక్క రాలినా ఆ ముక్కే ఇంకోటయితాది.”

గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె భర్త సురేంద్ర అప్పుడు నోరు విప్పాడు. “ఎన్ని దినాలు పడతాదన్నా?”

“మీ ఓపికను బట్టి అబ్బా.”

ఆ ఇంట్లో లేనిదే ఓపిక. మొగుడూ పెళ్ళాల మధ్య మొదట గొడవలుండేవి. తర్వాత గొడవపడే శక్తి కూడా పోయింది. ఆమె వండేది, అతను తినేవాడు. ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి గోడవైపు వాళ్ళు. పలమనేరులో ఒక డైరీ ల్యాబులో ఉద్యోగం వచ్చిందని ఆమె చెప్పినప్పుడు, ఇక వేరుగా ఉండటమే మేలని ఇద్దరూ ఒప్పుకున్నారు. పెద్దవాళ్ళకు చెప్పడం కూడా అయిపోయింది. తొట్టి కదిలించడానికి వీలైన రోజున ఆమె వెళ్ళిపోతుంది.

మరుసటి సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి సురేంద్ర రేణిగుంటలో తను పనిచేసే గోడౌను నుంచి అప్పటికే వచ్చేసి ఉన్నాడు. నిమ్మకాయలు పిండి, టీ జల్లెడలో వడగట్టి పెట్టాడు.

“టార్చి పట్టుకుంటావా?”

చెప్పులు విడవకముందే అడిగాడు. పంపించేయడానికి ఎంత ఆత్రమో అనుకుంది హేమశ్రీ. టార్చి అందుకుంది.

“కిందికి పట్టు. ఇంకొంచెం. ఆఁ.”

సిరంజి మొన తగలగానే ఆ కలుపు ముడుచుకుని రాతి సందులోకి దూరిపోయింది. మళ్ళీ బయటికి వచ్చేదాకా కాచుకోవాలి. కాచుకున్నంత సేపూ చేయడానికి పనేమీ లేదు, మాట్లాడుకోవడం తప్ప.

“పలమనేర్లో సలి ఎక్కువ,” అన్నాడు సురేంద్ర, నీళ్ళలోకే చూస్తూ. “మందం దుప్పట్లు నువ్వే తీసుకొనిపో.”

“ఊఁ.”

“ఆడ బువ్వకేం చేస్తావు?”

“వండుకుంటా. ఈడ మాత్రం ఎవరు వండి పెడతా ఉండారు?”

కలుపు మెల్లగా తల బయటపెట్టింది.

రోజూ అదే వరస. ఆమె తిరుపతిలో తను పనిచేసే ల్యాబులో పగలంతా నిలబడి వచ్చి, మళ్ళీ ఈ తొట్టి దగ్గర మోకాళ్ళమీద కూర్చోవాలి. చేతులు ఉప్పు వాసన, చీర కొంగు తడి. ఒకరోజు సిరంజి జారి నిమ్మరసం సురేంద్ర కంట్లో పడింది. “కలుపు సావలా, నువ్వు సచ్చేటట్టుండావు,” అని ఆమె నవ్వింది. నవ్వాక తనకే వింతగా తోచి ముఖం తిప్పుకుంది.

కానీ చంపేకొద్దీ అవి పుడుతూనే ఉన్నాయి. ఈ రాతిమీద శుభ్రమైతే ఆ రాతిమీద. హేమశ్రీ విసిగిపోయి గిరిప్రసాద్‌కు ఫోన్ చేసింది.

“యాడో తునకలు రాలతా ఉంటాయమ్మా. నిదానంగా చేయమను.”

ఆ సాయంత్రం ఆమె గొంతు పెంచింది. “నీ చెయ్యి కుదురుగా ఉండదు. నువ్వే ముక్కలు రాలుస్తా ఉండావు. ఈ నెలాఖరుకు చేరమంటా ఉండారు. ఇవి పోకపోతే తొట్టి ఈడనే వదిలేసి పోతా.”

సురేంద్ర సిరంజి పక్కన పెట్టాడు. “వదలొద్దులే. అంత ప్రేమగా పెంచుకున్నావు. ఈ వారం గట్టిగా చూద్దాం.”

అన్నట్టే వారంపాటు కూర్చున్నారు. చివరికి ఒక సాయంత్రం రాళ్ళన్నీ తిప్పి తిప్పి చూసినా ఒక్క కలుపూ కనబడలేదు.

“అయిపోయినట్టుండాది,” అన్నాడతను.

“అయిపోయింది,” అంది ఆమె. గుండెమీది బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. అలసటేమో అనుకుని పడుకుంది.

తెల్లారి పలమనేరులో అద్దె ఇల్లు చూసి రావడానికి బస్సెక్కింది. చిత్తూరు చేరేసరికి ఆ ఇంటి యజమాని ఫోన్ చేసి, ఊళ్ళో లేనని, రేపు రమ్మని చెప్పాడు. ఆమె రోడ్డు దాటి తిరుపతి బస్సు పట్టుకుంది. కిటికీకి తల ఆనించి దారంతా కళ్ళు మూసుకునే ఉంది.

సురేంద్రకు ఆరోజు వారపు సెలవు. నిద్రపోతుంటాడని తలుపు చప్పుడు కాకుండా తీసింది.

అతను తొట్టి ముందు మోకాళ్ళమీద ఉన్నాడు. చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, మోచెయ్యి మునిగేలా నీళ్ళలో పెట్టాడు. ఆమె రాక గమనించలేదు. రాతి వెనకాల ఒక్కటంటే ఒక్క కలుపు మిగిలి ఉంది. దానిమీదే అతని చూపంతా.

హేమశ్రీకి ఒళ్ళు మండింది. మిగిలిన ఆ ఒక్కటీ పోతే ఆమె రేపే కదలవచ్చు. సాయంత్రం దాకా కూడా ఆగలేకపోయాడు. అడగాల్సిన నాలుగు మాటలూ అడిగేద్దామని అతని వెనకకు వచ్చి నిలబడింది.

అతని చేతిలో ఉన్నది సిరంజి కాదు, బ్లేడు. కోసిన తునకలను ఒక్కొక్కటిగా శుభ్రమైన రాళ్ళమీదికి వదులుతున్నాడు.