నాలుగో టెర్మినల్ రైలు

"అమ్మాయ్, నువ్వు నాలుగో టెర్మినల్‌కా?"

షెరిల్ తలెత్తలేదు. ఒళ్లో ఉన్న కవరు మీద ఒక చెయ్యి వేసి, ఫోన్‌లో టైమ్ చూసుకుంటోంది. పదీ పది.

"నిన్నే. ఇందాక ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. ఈ రైలు నాలుగుకి పోదు."

అప్పుడు చూసింది. ఎదుటి సీట్లో అరవై దాటిన మనిషి. నున్నగా గీసిన గడ్డం, మోకాళ్ల మధ్య చిన్న సూట్‌కేసు.

"హీత్రో అని రాసుందిగా?"

"రాసే ఉంటుంది. ఇది రెండు, మూడు దాటి ఐదుకి పోతుంది. నాలుగుకి వేరే రైలు. హాటన్ క్రాస్‌లో దిగి ఎక్కాలి. అది దాటావంటే మళ్లీ వెనక్కి రావాల్సిందే."

"పెద్దాయనా, నేను లండన్‌లోనే పుట్టాను."

"లండన్‌లో ఎక్కడ?"

"లేటన్."

"అదీ సంగతి. అటుపక్క స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం నుంచి ఎగిరే వాళ్లకి హీత్రో గురించి ఏం తెలుస్తుంది?"

పక్క సీట్లో ఆవిడ ఫక్కున నవ్వింది. షెరిల్‌కి ఒళ్లు మండింది. అయినా తలుపు మీదున్న మ్యాపు కేసి చూసింది.

హాటన్ క్రాస్ దగ్గర నీలం గీత రెండుగా చీలి ఉంది.

దిగింది. ఆయనా దిగాడు.

"మీరెందుకు దిగారు? నా వెంట పడుతున్నారా?"

"ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది. నాకూ ఇక్కడే పని."

నాలుగుకి వెళ్లే రైలు ఆరు నిమిషాల్లో వస్తుందని బోర్డు మీద ఉంది. షెరిల్ ప్లాట్‌ఫామ్ మీద అటూ ఇటూ నడిచింది.

"విమానం ఎన్నింటికి?" అన్నాడాయన.

"విమానం నాది కాదు. పన్నెండున్నరకి మాల్టా పోయేవాణ్ని పట్టుకోవాలి."

"పోలీసువా?"

"కోర్టు కాగితాలు అందించేదాన్ని. ఇది ఆయన చేతిలోనే పెట్టాలి. దేశం దాటాడంటే దీనికి విలువ లేదు."

"ఏం చేశాడేంటి?"

"ఏమీ చెయ్యలేదు. అదే ఆయన చేసిన తప్పు."

అదేంటో షెరిలే చెప్పింది. కోపంగా ఉన్నప్పుడు ఆమెకి నోరు ఆగదు.

"యోనుట్ అని రంగులేసే కుర్రాడు పరంజా మీంచి పడి చచ్చిపోయాడు. సేఫ్టీ బెల్టు ఇచ్చాం, తనే విప్పేశాడు అంటోంది కంపెనీ. అసలు బెల్టే ఇవ్వలేదని తెలిసినవాడు ఒక్కడే, అక్కడి మేస్త్రీ. మా లాయరు మూడు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. సోమవారం కేసు. ఈయనేమో తమ్ముడి దగ్గరికి చెక్కేస్తున్నాడు."

"సాక్ష్యం చెబితే ఆయన మనుషులెవరికో పని పోతుందేమో."

"పోతే ఇంకో పని చూసుకుంటారు. యోనుట్ కూతురికి ఏడేళ్లు. మీ నాన్న బెల్టు కట్టుకోలేదటగా అని బళ్లో పిల్లలు అడుగుతున్నారు. ఆ పిల్ల ఇంకో నాన్నని చూసుకుంటుందా?"

ఆయన సూట్‌కేసు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఆ మేస్త్రీ కనిపిస్తే ఏమంటావు?"

"కాగితం ఇస్తాను. అంతే. పిరికివాడితో నాకు మాటలేంటి?"

రైలు వచ్చింది. షెరిల్ ఎక్కి, తలుపు దగ్గరే నిలబడింది. ఆయన కదల్లేదు.

"ఎక్కండి, ఇదేగా?"

"నీకు ఇదే. నేను ఇంకోవైపు."

"బాగుంది. ఊరందరికీ రైళ్లు చెబుతారు, మీ రైలేదో మీకే తెలీదు."

తలుపులు మూసుకున్నాయి.

నాలుగో టెర్మినల్‌లో షెరిల్ ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు. కౌంటర్ దగ్గర బతిమాలి, డెరెక్ పాల్ఫ్రీ పేరు మూడుసార్లు మైకులో పిలిపించింది. తనిఖీ ద్వారం ముందు కాపలా కాసింది. ఆమె దగ్గర ఉన్నది ఒక్క పాత ఫోటో. పసుపు హెల్మెట్, నిండు గడ్డం. కాస్త వయసు మళ్లిన మగవాడు కనిపిస్తే చాలు, అడ్డం పడింది.

"డెరెక్ పాల్ఫ్రీ మీరేనా?"

"ఆయన టికెట్ మాల్టాకైతే నేనేనమ్మా," అన్నాడొకాయన. ఆయన భార్య మోచేత్తో పొడిచింది.

పన్నెండున్నరకి కౌంటర్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"గేటు మూసేశారు. ఆయన రాలేదు."

షెరిల్ కవరు సంచిలో పెట్టుకుని, హామర్‌స్మిత్‌లో ఉన్న లాయరు హర్విందర్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, మనిషి దొరకలేదు. అలాగని విమానమూ ఎక్కలేదు. ఇప్పుడే వాళ్లింటికి పోతున్నా. వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటా. సోమవారం దాకా కూర్చోమన్నా సరే."

"అక్కర్లేదు షెరిల్."

"అదేంటి మేడమ్? ఆయన లేకపోతే కేసే లేదన్నారుగా?"

"ఉన్నాడు. గంట నుంచీ నా ఎదురుగా కూర్చుని అంతా రాయిస్తున్నాడు. బెల్టుల సంగతి, ఆ రోజు ఎవరు ఏమన్నారు, అన్నీ."

"నా కాగితం అందకుండా ఆయన ఎలా వచ్చాడు?"

అవతల హర్విందర్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, ఎవరితోనో ఏదో మాట్లాడింది. మళ్లీ లైన్‌లోకి వచ్చింది.

"హాటన్ క్రాస్ నుంచి వెనక్కి తిరిగొచ్చాడట షెరిల్, ఆ లేటన్ పిల్ల నాలుగులో సరిగ్గా దిగిందా, లేక రైల్లోనే కూర్చుండిపోయిందా అని అడుగుతున్నాడు."