ఆ కిటికీ ఏ ఊరిది?

శ్యాంప్రసాద్ ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి వైదేహి ముందు పెట్టాడు.

ఒక చెక్క ఇంటి కిటికీ. చుట్టూ నీలిరంగు వేసిన చెక్కడం. మిగతాదంతా కత్తిరించేసి ఉంది.

"రష్యాలో ఎక్కడో ఉందమ్మా. మూడేళ్ళుగా వెతుకుతున్నాను. మీ దగ్గర పాత ఫొటోలున్నాయన్నారు."

ఉన్నాయి. దుబాయ్‌లో స్థిరపడిన ఒక రష్యన్ ఆర్కిటెక్టు జీవితమంతా పల్లెపల్లె తిరిగి తీసిన ఫొటోలు, నలభై వేలు. అక్కడి కరామా పేటలోని ఆఫీసులో కూర్చుని వాటన్నిటినీ స్కాన్ చేసి, ఊరి పేర్లతో కంప్యూటర్‌లో భద్రపరిచింది వైదేహే. ఊరికో వడ్రంగి, వడ్రంగికో పనితనం. కిటికీ చూస్తే ఊరు తెలిసిపోతుంది.

"ఆ ఇల్లు కూల్చేస్తారా సార్?"

"ఆలస్యమైతే ఏమైనా కావచ్చు. ఇంకొకళ్ళ చేతిలో పడకముందే నేను వెళ్ళాలి."

వైదేహికి మనసు చివుక్కుమంది. ఆ నలభై వేలలో సగం ఇళ్ళు ఇప్పుడు ఫొటోల్లోనే ఉన్నాయి. ఈ ఒక్కదాన్నయినా నిలబెట్టాలనుకుంది.

నాలుగు రోజులు తల ఎత్తలేదు.

"యల్లా, ఇక లేమ్మా!" అన్నాడు పక్క సీటు మూర్తి. "మీ ఇంటి కిటికీకి ఎన్ని ఊచలో చెప్పు చూద్దాం."

"ఊచలు చూస్తే ఊరు తెలియదు కదా మూర్తిగారూ!"

అయిదో రోజు అదే చెక్కడం దొరికింది. తోకలు పెనవేసుకున్న రెండు కోళ్ళు, మధ్యలో సగం సూర్యుడు. వోల్గా ఒడ్డున ముప్ఫై గడపల పల్లె. ఊరి చివరి ఇల్లు.

ఫోన్ చేసి చెప్పింది.

"దాన్నిక వదిలిపెట్టనమ్మా," అన్నాడు శ్యాంప్రసాద్. "నీ మేలు మర్చిపోను."

మర్నాడే విమానం ఎక్కాడు. మూర్తి ఆఫీసంతా లడ్డూలు పంచాడు. "మనమ్మాయి ఒక ఇంటిని బతికించిందండోయ్!"

మూడో రోజు మధ్యాహ్నం శ్యాంప్రసాద్ ఫోన్.

"నువ్వు చెప్పినచోటే ఉందమ్మా!"

వైదేహి కుర్చీలోంచి లేచి నిలబడింది. "బాగుందా సార్? ఏమీ పాడవలేదు కదా?"

"చెక్కుచెదరలేదు. ఉండు, నీతో మాట్లాడిస్తా."

"ఎవరితో సార్?"

అవతల ఏదో పగిలిన చప్పుడు, ఆ వెంటనే ఒక ఆడగొంతు అచ్చ గోదావరి యాసలో వణుకుతూ అడిగింది: "నేనిక్కడ దాక్కున్నానని మా ఆయనకి చెప్పింది నువ్వేనా అమ్మా?"