మూడో జత రాళ్లు

“తూనికల అధికారిని. రాళ్లన్నీ బయట పెట్టండి!” అంటూ నల్లకళ్లద్దాల మనిషి ఒకడు గల్లాపెట్టె మీద సంచీ దభీమని పెట్టేసరికి, పప్పు తూస్తున్న కిరాణా షావుకారు చేతిలో త్రాసు ఊగిపోయింది. త్రాసుని ఊపడం షావుకారుకి వెన్నతో పెట్టిన విద్యే గాని, అది దానంతటది ఊగడం మాత్రం ఇదే మొదలు.

ఆ కొట్లో మూడు జతల ఇనపరాళ్లుండేవి. రైతుల దగ్గర గింజలు కొనే రాళ్లు ఒక జత. వాటి అడుగు బొరియల్లో సీసం దండిగా పోయించాడు. జనానికి అమ్మే రాళ్లు రెండో జత. ఊళ్లో షావుకార్లందరికీ అదే పని చేసిపెట్టే కమ్మరి చేత వాటి బొరియల్లోంచి సీసం తోడించి, లక్కతో పూడ్చి, పైన నల్లరంగు పూయించాడు. ఇక మూడో జత అధికారులకి చూపించేది. అందులో దమ్మిడీ ఎత్తు అబద్ధం లేదు. అందుకే దానికి ఆ కొట్లో పనీ లేదు. లోపల షావుకారు భార్య పట్టుచీరల మధ్య ముసుగు తన్ని పడుకునేది. వేళకి అది బయటికి రాకపోయిందా, కొట్టుకి తాళం, షావుకారుకి జైలు!

షావుకారు అమ్మే రాళ్లని కాలితో గోనెసంచి కిందికి తోసి, లోపలికి కేకేశాడు.

“ఏమే! రాళ్లు పట్రా!”

“ఏ రాళ్లండీ?” అంది భార్య లోపల్నించి.

“అవేనే, ఎవరైనా పెద్దమనుషులొస్తే తీసేవి!”

పప్పు కోసం నిలబడ్డ మామ్మ బోసినోటితో నవ్వింది. “పెద్దమనుషులకి వేరే రాళ్లట్రా అబ్బాయ్? మాకు పప్పులో వేసేవే అనుకున్నానే!”

“నువ్వూరుకో మామ్మా, నీకు దణ్ణం పెడతాను.”

మూడో జత వచ్చింది. అధికారి కిలో రాయిని ఒక పళ్లెంలో పెట్టి, రెండో పళ్లెంలో తన సంచీలోని కిలో రాయి పెట్టాడు. షావుకారు రాయి ఉన్న పళ్లెం బావిలో బొక్కెనలా దిగిపోయింది.

“ఔరా! కిలోకి వంద గ్రాములు ఎక్కువ! దీంతోనేగా రైతుల గొంతులు కోస్తున్నావు?”

షావుకారుకి కళ్లనీళ్లొచ్చాయి. పాతికేళ్లుగా అబద్ధాలాడితే ఊరంతా కళ్లు మూసుకుని నమ్మింది. జన్మానికొక్క నిజం చూపిస్తే దొంగ అంటున్నారు!

“నా పిల్లల మీద ఒట్టు సార్, అది అచ్చంగా కిలో!”

“అయితే ప్రభుత్వపు రాయి తప్పంటావు?”

“ఛఛ! ఎంతమాట! నేనలా అన్నానా?”

“కాగితం తియ్యి. ఇవి జప్తు. కొట్టు మూసెయ్యి.”

షావుకారు బిక్కచచ్చిపోయాడు. అంతలోనే బుర్ర తళుక్కుమంది. ప్రభుత్వపు కిలో అంత తేలికైనప్పుడు, గోనె కింద ఉన్నది మటుకు ఏం పాపం చేసింది? నెత్తి కొట్టుకుని, “చూశారా సార్, మా ఆవిడ తెలివి! ఎప్పటివో పాతరాళ్లు తెచ్చి పడేసింది. నేను రోజూ అమ్మేవి ఇవిగో!” అని వాటిని తీసి పెట్టాడు.

త్రాసు ముల్లు ధ్వజస్తంభంలా నిటారుగా నిలబడింది. అరకిలో వేశాడు, పావు వేశాడు. అంతే. ముల్లు చెక్కుచెదరలేదు. షావుకారు తన కమ్మరికి మనసులోనే చెయ్యెత్తి మొక్కాడు. సీసం తోడితే సరిగ్గా సర్కారు కొలతకే తోడాడు మహానుభావుడు!

“ఇవీ రాళ్లంటే! ధర్మంగా వ్యాపారం చేసుకో. ఆ దొంగ జత మాత్రం నేను పట్టుకుపోతాను,” అన్నాడు అధికారి.

“పట్టుకుపోండి సార్! అలాంటివి కొట్లో ఉంటేనే పరువు తక్కువ!” అంటూ షావుకారు మూడో జతని తానే సంచీలో సర్ది, తానే రిక్షాదాకా మోసి, తానే ఎక్కించాడు. తిరిగొచ్చేటప్పుడు ఛాతీ జానెడు పెరిగింది.

“విన్నావా మామ్మా? నా కొట్టు తూకం సర్కారు తూకం. ఇకమీదట తక్కువ తూశావని నోరెత్తావంటే చూడు!”

“నాదే పొరపాట్రా అబ్బాయ్. నీ కొట్లోనే కిలో చిక్కిపోయిందనుకున్నా. సర్కారు దగ్గరే చిక్కిపోయిందన్నమాట. ఏం జబ్బో పాపం!”

ఆవిడకి పప్పు పొట్లం కట్టిచ్చి, ఇంకో నలుగురికి తూచాడో లేదో, గుమ్మం ముందు జీపు ఆగింది. ఖాకీ బట్టల జవాన్లు ఇద్దరు దిగారు. వెనకాల మెడలో గుర్తింపు బిళ్లతో ఒక అధికారి, ఆయన వెనక ఇత్తడి రాళ్ల పెట్టె.

“తూనికల శాఖ. మీ రాళ్లు చూడాలి.”

షావుకారు ఈసారి బెదరలేదు. కొత్తపెళ్లికొడుకులా నవ్వుతూ అమ్మే రాళ్లని వరసగా ఆయన ముందు పేర్చాడు.

“తనివితీరా చూసుకోండి సార్! ఇందాకే మీవాళ్లొకరు వచ్చి తూచి, ఇవీ రాళ్లంటే అని మెచ్చుకుని వెళ్లారు.”

“మావాళ్లా?” అన్నాడు అధికారి పెట్టె తెరుస్తూ. “మేమంతా పొద్దుట్నుంచీ మీ వెనక వీధి కిరాణా కొట్లోనే కూర్చున్నామే! ‘రాళ్లు తుప్పు వదిలించడానికి పంపాను, వచ్చేదాకా ఉండండి’ అని ఆ షావుకారు మాకు రెండేసి కాఫీలు పోయించాడు. ఇప్పుడే వాళ్ల గుమాస్తా రిక్షాలో తెచ్చి దింపాడు. రాళ్లంటే అవండీ! వెంట్రుకవాసి తేడా లేదు సరిగదా, ఒక్కనాడైనా వాడినట్టే లేవు!”