రెండో ఊపిరి

దంతవైద్యం చదివే యశస్విని ఆ ఉదయం విశాఖ ఆస్పత్రిలో నూకాలమ్మ నోరు చూసింది. చేపలమ్మే నూకాలమ్మకు వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. అంగిలి మీద తెల్లమచ్చలున్నాయని ఆమె కూర్చున్న కుర్చీయే కనిపెట్టింది.

"ఇంకా ముదరలేదమ్మా. చుట్ట మానేస్తే తగ్గుతాయి," అంది యశస్విని.

ఆ కాలపు దంతవైద్య కుర్చీలు నోటిని పరీక్షించడమే కాక దగ్గరున్న అందరి ఊపిరినీ పసిగట్టేవి. "ఇక్కడ ఇద్దరి ఊపిరిలో పొగాకు ఉంది," అని కుర్చీ మెల్లగా చెప్పింది.

గదిలో మూడో మనిషి లేరు. కుర్చీ పొరబడిందని తను అంటే నూకాలమ్మ నమ్ముతుంది. అప్పుడు మచ్చల సంగతి కూడా పొరపాటే అనుకుంటుంది.

"రెండోది నాదమ్మా. హాస్టల్లో సిగరెట్ అలవాటైంది."

"డాట్రమ్మవి, నువ్వే మానకపోతే నానెలాగ మానేది తల్లీ?"

"ఒక్కదాన్నే మానలేకపోయాను. ఇద్దరం కలిసి చూద్దామా?" అంటూ తన నంబరిచ్చింది.

సాయంత్రం హాస్టల్ మేడ మీద స్నేహితురాలు సిగరెట్ అందిస్తుండగా ఫోన్ మోగింది.

"మనసంతా సుట్ట మీదకే పోతందమ్మా. కూసేపు మాటాడు," అంది నూకాలమ్మ.

యశస్విని సిగరెట్ అందుకోకుండా వెళ్లి మెట్ల మీద కూర్చుంది. "నెత్తళ్ల పులుసు ఎలా పెడతావో చెప్పమ్మా," అంది.

నూకాలమ్మ మాటల్లో చింతపండు నాని, పులుసు మరిగి, దాక పొయ్యి దిగేసరికి ఇద్దరికీ పొగ ధ్యాస పోయింది.